ఎనక గది పుస్తకాలు

అనితక్కా, ఫోన్లో అయితే నాకు మాట రాదు, అందుకే మెసేజ్ పెడతన్నాను. మీ కాలేజీ లైబ్రరీలో ఎనక గది పుస్తకాలు తీసిచ్చే పని గంగులు మావ నాకు ఇప్పించాడు గదా. ఇప్పుడు అందరూ హాల్లో కంప్యూటర్లోనే ఎతుకుతన్నారు. ఎనక గది పుస్తకాలు దాంట్లో ఎక్కించనేదు. అందుకే ఇటు ఎవులూ రారు.

"ఎవులూ అడగని పుస్తకాలకి గదెందుకురా, సోమారం తాళమేసేద్దాం" అన్నారు లైబ్రరీ సారు. తాళమేస్తే నాకు పన్నేదు, అయ్యతో పడవెక్కాలి. ఎక్కితే నాకు వాంతులు. "జాలరోళ్ళ బిడ్డవి, సముద్రం సూసి కక్కుతావేట్రా" అని అంతా నవ్వుతారు.

నిన్న ఒకమ్మాయి వలలు అల్లడం మీద పుస్తకం ఎతికింది. "నేదే, కంప్యూటర్లో ఏటీ రాలేదు" అని పక్కమ్మాయితో అంది. దుమ్ము దులపడానికి ఆ పుస్తకమే పట్టుకుని నేను పక్కన నిలబడున్నాను. ఇంగ్లీషు పుస్తకమే గానీ, బొమ్మల్ని బట్టి అదేనని నాకు తెలుసు. నోరు పెగల్నేదక్కా. ఎల్లిపోనాది.

శనివారం నువ్వొచ్చి ఆ పుస్తకమే అడుగు, సారుకి ఇనపడేలాగ. కంప్యూటర్ని కాదు, నన్నడుగు. నీకైతే సెప్పగల్ను.