రాలేదు

మరియమ్మక్కా,

నువ్వు కన్నుమూశాక మన అంగన్‌వాడీకి ఇంకో ఆయమ్మను వెయ్యలేదు. నీ పని కూడా నేనే చేస్తున్నాను.

పోయిన వారం పిల్లలకు ఏమేం వచ్చో చూసి రాసిన కాగితాలకు ఈరోజు మార్కులు వేశాం. పిల్ల జవాబు చెప్పలేకపోయినా, ఆరోజు అసలు సెంటరుకే రాకపోయినా మనం రాసేది ఒకటే మాట: "రాలేదు". సూపర్‌వైజర్ మేడం అన్నిటికీ సున్నాలు పెట్టింది.

"అట్ల సున్నా పెడితే ఎట్ల మేడం? ఆ పొద్దు ఈ పిల్ల సుజి జొరమొచ్చి మార్కాపురం ఆస్పత్రికి పోయింది. దానికి తెలీదని కాదు. ఖాళీగా ఉంచండి" అన్నాను.

"అయితే ఇప్పుడడుగు" అంది.

రంగులు చూపించి పేర్లడిగాను. సుజి వాటివైపు చూడలేదు. మూలనున్న నీ పీటనే చూస్తోంది. దాని ముక్కు తుడిచేది నేను, నోట్లో ముద్ద పెట్టేది నేను. ఏం మందు పెట్టిపోయావక్కా దీనికి? నాకు ఒళ్లు మండిపోయింది.

చివరికి నోరు తెరిచింది. "ఆయమ్మ రాలేదా?"

"రాలేదు" అన్నాను.

మేడం కూర్చుందామని నీ పీట లాక్కోబోయింది. చెయ్యి అడ్డం పెట్టాను.

"అది ఖాళీగా ఉంచండి మేడం" అన్నాను.