చేప పలక మీద వక్కాకు

నిన్న రాసింది సగంలో ఆపేశాను నాయనా. పెద్దమ్మ వచ్చి నా పక్కనే పడుకుంది, ఇంక పెన్ను పట్టుకోవడం కుదరలేదు. పొద్దున లేచి చదివితే అన్నీ తిట్లే. నీకు ఒక్క ముక్క అర్థమయ్యేలా లేదు. చింపి బాత్రూంలో నీళ్ళు పోసేశాను. ఇప్పుడు పెద్దమ్మ హాల్లో సీరియల్ చూస్తోంది, పెద్దనాయన ఆఫీసులో ఉన్నాడు. మొదటి నుంచి మళ్ళీ రాస్తున్నాను.

నువ్వెలా ఉన్నావు? అవ్వ మోకాళ్ళు ఎలా ఉన్నాయి, నూనె రాసుకుంటోందా లేక సీసా అలాగే దాచిపెట్టిందా? నల్లావు ఈనిందా? అందరినీ అడిగాకే సొంత సంగతి రాయాలని అవ్వ చెప్పింది కాబట్టి అడుగుతున్నాను. నిజంగా తెలుసుకోవాలని కూడా ఉంది. కానీ చాలా కోపంగా ఉన్నాను. ఆ కోపంలో సగం నీ మీదే. మనది ఇంగ్లీషు మీడియం కదా, వత్తులు తప్పుతాయి, సర్దుకుని చదువుకో. అమ్మకి మాత్రం చూపించొద్దు. చదివి చింపెయ్.

ఇది సంగీత తెస్తుంది. నా క్లాసే, వాళ్ళది పెద్దపంజాణి. బుధవారం పుంగనూరు బస్సులో వస్తోంది. ఇంటికి వెళ్ళొద్దని, నేరుగా పాల సెంటర్‌కి వచ్చి నీ చేతికే ఇవ్వమని చెప్పాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. నా ఫోన్ పెద్దమ్మ బీరువాలో ఉంది. పరీక్షలు అయ్యేదాకా వద్దు అంది. పెద్దమ్మ కదా, నా చదువు కోసమే అనుకున్నాను.

ఇక్కడ బెంగళూరులో రోజూ తుంపరే. యూనిఫాం ఆరదు, తడి వాసనతోనే కాలేజీకి పోతున్నాను. క్యాంటీన్ సాంబారులో బెల్లం వేస్తారు. పెద్దమ్మ కూడా ఇప్పుడు అలాగే వేస్తోంది. సంగటి కావాలంటే "బెంగుళూరుకు వచ్చి కూడా సంగటేనా పాపా" అని నవ్వుతుంది. కాలేజీలో అందరూ కన్నడలో జోకులు వేసుకుంటారు, నేను ఊరికే పళ్ళు చూపిస్తాను. చదువు మాత్రం బాగా చదువుతున్నాను నాయనా. బయాలజీలో క్లాసులో నాకే ఎక్కువ. నిజంగా బాగా చదువుతున్నాను. ఇది నువ్వు గుర్తు పెట్టుకో, ఎందుకంటే వీళ్ళు వేరేగా చెప్తారు.

ఇప్పుడు ఆదివారం సంగతి.

గిరీష్ మామ వచ్చాడు. నీ ముద్దుల బామ్మర్ది. అమ్మకి సొంత తమ్ముడు, నన్ను భుజం మీద ఎక్కించుకుని కుప్పం వీధులన్నీ తిప్పిన మామ. సిటీలో ఏదో జపాన్ హోటల్ ఉంది, అందరం పోదాం అన్నాడు. శనివారమే పోదామన్నాడంట, శనివారం వెంకటేశ్వరస్వామి దినం, నీసు ముట్టం అని పెద్దమ్మ ఆదివారానికి మార్చింది. నన్ను పట్టు లంగా ఓణీ వేసుకోమంది. హోటల్‌కి జీన్స్ చాలదా అంటే, "ఒకరోజు ఆడపిల్ల మాదిరి ఉంటే నీ సొమ్మేం పోతాది" అంది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. సూషీ తినబోతున్నానని సంబరపడ్డాను, సంగీతకి చెప్పి గొప్పలు పోవచ్చని.

హోటల్ మేడ మీద ఉంది. లోపల అంతా చెక్క, ఎర్ర కాగితం దీపాలు. ఒక పక్క బొగ్గుల మీద పుల్లలకి గుచ్చి కోడి ముక్కలు కాలుస్తున్నారు. పెద్దనాయన వాటిని చూసి నిలబడిపోయాడు.

"ఓరి గిరీశా, ఇది మన గంగ జాతరలో కాల్సేదే కదరా. దీనికి జపాన్ దంకా యాల పోయినాం?"

"అది వేరే బావా. సాస్ సూడు, తియ్యగా ఉంటాది."

"కోడికి తీపేంది, కర్మ."

నవ్వాను నాయనా. అప్పటిదాకా అంతా బాగానే ఉంది. ఆర్డర్ తీసుకునే అమ్మాయి నావైపు చూసి ఏమైనా పడనివి ఉన్నాయా అని ఇంగ్లీషులో అడిగింది. నేను నోరు తెరిచేలోపే మామ "షీ ఈట్స్ ఎవ్రీథింగ్" అన్నాడు. ఆ అమ్మాయి నన్నడిగింది, నాకు ఇంగ్లీషు వచ్చు. నా నోరు ఆయన ఎప్పుడు తీసుకున్నాడు?

పొడుగాటి చెక్క పలక మీద సూషీ తెచ్చారు. అన్నం ముద్దల మీద పచ్చి చేప, గులాబీ రంగులో మెరుస్తోంది. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఉడకలేదా ఇది? థూ. మా పిల్లి కూడా వాసన సూసి పోతాది."

మామ పుల్లలతో ఒక ముద్ద తీసి నా ప్లేట్లో పెట్టాడు. తిను, తిను అన్నాడు. తిన్నాను. నాలుక మీద చల్లగా, మెత్తగా జారింది. బాగుందని కూడా అనిపించింది. అప్పుడు మామ అన్నాడు, "అలవాటు సేసుకో హర్షీ. రేపు మనం వారం వారం వస్తాం." రేపు అంటే తెల్లారి అనుకున్నాను. పిచ్చిదాన్ని.

తినడం అయ్యాక పెద్దమ్మ ఆ అమ్మాయిని పిలిచి ఒక ఖాళీ ప్లేటు అడిగింది. ఆ అమ్మాయి సూషీ తెచ్చిన పలకే తుడిచి తెచ్చింది. పెద్దమ్మకి వచ్చింది చూడు కోపం!

"సేప పెట్టిన పలక మీద వక్కాకు పెడతారా? కడిగించు గిరీశా. బాగా కడిగించు."

ఆ అమ్మాయి పాపం లోపలికి పోయి కడిగి తెచ్చింది. పెద్దమ్మ వాసన చూసి మళ్ళీ పంపింది. పక్క టేబుల్ వాళ్ళు చూస్తున్నారు. మళ్ళీ వచ్చాక బ్యాగులోంచి తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, కుంకుమ పొట్లం, ఒక జాకెట్టు ముక్క తీసి ఆ పలక మీద సర్దింది. నాకు బొట్టు పెట్టి, "పట్టుకో పాపా, రెండు సేతులా" అంది.

పట్టుకున్నాను.

ప్రతి శుక్రవారం ఎవరో ఒకరింట్లో ఇస్తారు కదా నాయనా. బొట్టు పెడతారు, ఆకూ వక్కా చేతిలో పెడతారు, ఇంటికి తెచ్చి అమ్మకిచ్చేస్తాను. అలాంటిదే అనుకున్నాను. జపాన్ హోటల్లో ఎందుకు అని కూడా అడగలేదు. పెద్దనాయన చేతులెత్తి "శుభం" అన్నాడు. మామ ఫోటో తీసి ఇంటి గ్రూపులో పెట్టేశాడు. పెద్దమ్మ నా బుగ్గ గిల్లి, "మాట అయిపాయ. మా తమ్ముడి పెండ్లాం అయిపోయినావు" అంది.

పలక నా చేతుల్లోనే ఉంది. కింద పెట్టేశాను. అరటిపండు దొర్లి సాస్ గిన్నెలో పడింది.

"ఏందిది? నన్నెవరు అడిగారు?" అన్నాను. గట్టిగానే అన్నాను.

"నిన్ను అడిగేదేంది? నువ్వు కడుపులో ఉండంగనే మీ అమ్మ అనింది, ఆడపిల్లయితే గిరీశుకే అని."

"నేను చదువుకోవాలి."

"సదువుకో. ఎవరొద్దన్నారు? పెండ్లి సేసుకుని సదువుకో," అన్నాడు మామ, నా ప్లేట్లో ఇంకో ముద్ద పెడుతూ.

మేనరికం గురించి మా లెక్చరర్ చెప్పింది, పిల్లలకి జబ్బులు వస్తాయి, జెనెటిక్స్‌లో ఉంది అన్నాను. పెద్దమ్మ పకపకా నవ్వింది. "మీ అమ్మమ్మ సేసుకునింది మేనమామనే. మేమంతా గుడ్డోళ్ళమా, కుంటోళ్ళమా? నీకింత నోరు యాడి నుంచి వచ్చింది మరి?" పెద్దనాయన కూడా నవ్వాడు. మామ మాత్రం నవ్వలేదు. నా వైపు వంగి మెల్లగా, "ఇంక నలుగురిలో మామా మామా అనొద్దు" అన్నాడు. నాయనా, ఆ మాటకి లేచి బాత్రూంకి పరిగెత్తాను. పోయి కక్కుకున్నాను. పచ్చి చేప పడలేదు అని అందరికీ చెప్పారు.

వచ్చేటప్పుడు కారులో కళ్ళు మూసుకుని పడుకున్నట్టు ఉన్నాను. అప్పుడు విన్నదే నీకు ముఖ్యంగా రాస్తున్నాను. పెద్దనాయన అన్నాడు, "ఆడపిల్ల నాయన సేతిలో పెట్టంది వక్కాకు కాదే. ఇది ఉత్తదే." దానికి పెద్దమ్మ, "శుక్రవారం కుప్పంలో పెడతాం కదా. మా నాయనకి బాగలేదని పిలిస్తే పరిగెత్తుకోని వస్తాడు. పదిమంది పెద్దోళ్ళ ముందర ప్లేటు సాపితే కాదంటాడా? ఆయప్పకి అంత నోరుండాదా?" అంది. నాకు పద్దెనిమిది నిండిన నెలలోనే ముహూర్తం చూడమని పంతులికి చెప్పేశారంట. అమ్మకి అన్నీ తెలుసంట.

అమ్మకి తెలుసు. మదనపల్లెలో సీటు వచ్చింది, హాస్టల్లో బెడ్ కూడా ఇచ్చారు, గుర్తుందా? హాస్టల్ తిండికి పిల్ల చిక్కిపోతుంది, అక్క ఇల్లయితే సొంత ఇల్లు అని అమ్మ ఏడ్చింది. నువ్వు తలూపావు. నీకు తెలిసి తలూపావా, తెలియక తలూపావా? రాత్రంతా ఇదే ఆలోచన. నీకు తెలిసి ఉంటే ఈ ఉత్తరం ఎవరికి రాస్తున్నట్టు నేను? నీకు కీప్యాడ్ ఫోనే కాబట్టి ఆ ఫోటో చూసుండవు అని ఒక్క ఆశ పెట్టుకున్నాను.

నువ్వు ఎవరితోనూ గొడవ పడవు. పాలలో నీళ్ళు కలిపినవాడిని కూడా "ఏమప్పా, ఇట్లా సేస్తే ఎట్లప్పా" అంటావు. అది చూసి నాకు ఎప్పుడూ నవ్వు వచ్చేది. ఇప్పుడు భయం వేస్తోంది. వాళ్ళు నీ మంచితనం మీదే లెక్క వేసుకున్నారు.

కుప్పం తాతకి ఏమీ కాలేదు. మొన్న కూడా ఫోన్లో మామని గట్టిగా తిట్టాడు. కుప్పం రమ్మంటే రావద్దు. ఒకవేళ వచ్చావో, ఎవరు ఏ ప్లేటు చాపినా చెయ్యి ముందుకు పెట్టొద్దు. చేతులు వెనక్కి కట్టుకో. మర్యాద పోతుందని, అమ్మ ఏడుస్తుందని, పెద్దవాళ్ళు నిలబడ్డారని పట్టుకోవద్దు. నేను మర్యాదకే పట్టుకున్నాను, ఏమయిందో చూశావు కదా. అంతకంటే మంచిది, గురువారమే ఇక్కడికి వచ్చెయ్. ఇంటికి కాదు, కాలేజీ గేటు దగ్గరికి రా. నా పుస్తకాలు అన్నీ బ్యాగులోనే పెట్టుకుని ఉంటాను. మదనపల్లె హాస్టల్లో చేర్చెయ్, పురుగుల అన్నమైనా తింటాను, పేచీ పెట్టను. వచ్చేటప్పుడు నా టెన్త్ మార్కుల లిస్టు తీసుకురా, గూట్లో దేవుడి పటాల వెనక ఉంది. అవ్వని కొంచెం చెనిక్కాయల పొడి కూడా అడుగు. అవ్వకి ఏమీ చెప్పొద్దు, బీపీ పెరుగుతుంది.

అవ్వ కాళ్ళకి మొక్కానని చెప్పు. అమ్మకి ఏం చెప్పాలో నాకు తెలియదు, నీకు తోచింది చెప్పు. నీ కాళ్ళకి కూడా మొక్కుతున్నాను. దీవెనలు తర్వాత ఇద్దువు, ముందు బస్సెక్కు.

నీ పాప
హర్షి

పెద్దమ్మ తలుపు కొడుతోంది. "పాపా, గడియ తీ. మీ నాయన ఫోన్లో ఉండాడు. శుక్రవారం కుప్పానికి వస్తానన్నాడు, నీతో మాట్లాడాలంట."

నాయనా, స్పీకర్ పెట్టే ఇస్తుంది, పక్కనే నిలబడుతుంది. బాగున్నాను అనే అంటాను. నవ్వుతాను కూడా. నమ్మొద్దు. ఇది పరుపు కింద పెడుతు