ఎర్రచుక్క బంతి

చిరంజీవి అమ్మడికి అమ్మ దీవెనలు. ఇక్కడ అందరికీ ఒంట్లో బాగానే ఉంది. మీ ఇంట్లో ఎవరు తుమ్మినా నా దగ్గర దాచకుండా రాయి. రాయకపోతే ఇంకేదో అయిందని నాకు గుండెదడ.

నా మోకాలి సంగతి అడిగావు. మెట్లు ఎక్కనంతవరకు అది నా మాట వింటోంది. నీ దగ్గరికి వచ్చేయమన్నావు. ఉన్న ఒక్క గదిలో మీ నలుగురికే కాళ్ళు చాపుకునే చోటు లేదు, ఆ మాట మళ్ళీ ఎత్తకు. పెద్దన్న ఇంటి నుంచి ఉన్నట్టుండి చిన్నన్న ఇంటికి ఎందుకు మారావన్నావు. అదే చెప్తున్నా, నిదానంగా చదువు.

మొన్నామధ్య అన్నలిద్దరూ నన్ను గోల్ఫ్ ఆటకు తీసుకెళ్ళారు. మీ నాన్న పోయాక ఇద్దరూ కలిసి నన్నొక చోటికి తిప్పడం అదే మొదలు. ఇరుగుపొరుగుకంతా చెప్పుకున్నాను. చోటు మాత్రం కళ్ళు చెదిరేలా ఉంది తల్లీ. కొండ మీద పచ్చగడ్డి పరుపు పరిచినట్టుంటే, పక్కనే సముద్రం నోరు తెరుచుకుని ఉంది. చివరి గుంతకైతే ఈ అంచు నుంచి ఆ అంచుకి నీళ్ళ మీదుగా బంతిని దాటించాలట. గాలికి ఎక్కడ ఎగిరిపోతానోనని చిన్న బండిలో కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. నిద్రపోయాననుకున్నారు.

“ఓడినోడు అమ్మని తీసుకెళ్ళాలి,” అన్నాడు పెద్దన్న.

“ఎన్నాళ్ళకి?”

“ఏడాది. వచ్చే ఏడు మళ్ళీ ఆడదాం.”

“ఏడాదైతే ఓర్చుకుంటాలే. అయినా నేను ఓడను,” అని చిన్నన్న నవ్వాడు.

సరదాకి అంటున్నారనుకున్నాను. ఆట సాగేకొద్దీ ఇద్దరి మొహాల్లోనూ నవ్వు పోయింది. పెద్దన్న బంతి ఒకటి పొదల్లో పోయింది. తక్కువ దెబ్బల్లో ముగించినవాడిదే గెలుపట, బంతి దొరక్కపోతే దెబ్బలు అదనంగా లెక్కేస్తారని వాడు కర్ర నేలకేసి కొట్టాడు. చివరి గుంత దగ్గరికి వచ్చేసరికి చిన్నన్నదే పైచేయి. నా మోకాలి మూలాన నన్ను ముందే ఆవలి అంచుకి చేర్చి, గుంతలో పాతిన జెండాకి కాస్త పక్కన బల్ల మీద కూర్చోబెట్టి, వాళ్ళు వెనక్కి వెళ్ళారు. చిన్నన్న కొట్టిన బంతి సముద్రం దాటింది. తీరా వచ్చి వెతికితే గడ్డిలో ఎక్కడా లేదు.

“అమ్మా, ఇటు రావడం చూశావా?”

“నా కళ్ళకేం కనబడుతుంది నాయనా,” అన్నాను.

అలా ఓడి నన్ను తెచ్చుకున్నాడు. గుమ్మంలోనే మీ వదినతో, “ఆ ఒక్క బంతి దొరికుంటే ఈ పీడ తప్పేది,” అన్నాడు. నా పెట్టె ఇంకా వాడి చేతిలోనే ఉంది.

ఎవరితోనూ అనకు. చిన్నన్న బంతులకి ఎర్రచుక్క ఉంటుంది. అది దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరికే వచ్చింది. సంచిలో వేసుకుని పైన శాలువా కప్పాను. పెద్దన్న ఇంట్లో నన్ను పలకరించే దిక్కు లేదు. చిన్నన్న నోటితో ఏమన్నా, మనసులో ఉండదనుకున్నాను.

ఇప్పుడు వాడు ఆఫీసు నుంచి రాగానే వసారాలో ప్లాస్టిక్ గ్లాసు పడుకోబెట్టి, బంతి అందులోకి పోయేలా సాధన చేస్తున్నాడు. వదిన పక్కన నిలబడి లెక్కపెడుతుంది. వంగి వంగి వాడి నడుం పట్టేస్తుందేమోనని నా బెంగ. కాస్త మందు రాసుకోమని నువ్వు చెప్పు, నేను చెబితే విసుక్కుంటాడు. మొదట్లో బంతులన్నీ గురి తప్పి నా మంచం కిందికే వచ్చేవి. “ఇటు తొయ్యి,” అనేవాడు. తీసి, కొంగుతో తుడిచి ఇచ్చేదాన్ని.

ఈ వారం ఒక్కటీ రాలేదు.

ఇట్లు,
ప్రస్తుతం చిన్నన్న ఇంట ఉన్న
నీ అమ్మ