లత ముందు కథ

శుక్రవారం రాత్రి, కోరుట్ల

ఇవాళ కూడా బంద్. బస్సుల్లేవు, బీడీల కార్ఖానా తెరవలేదు. చిన్నది సుజాత పక్కింటి నుంచి దయ్యం సినిమా సీడీ తెచ్చి పెట్టింది. అందులో ఒక ఫాదర్‌కు దేవుడి మీద నమ్మకం పోతుంది. నేను లేవబోతే సుజాత చెయ్యి పట్టుకుంది.

"కూసో అమ్మా. గిది మొదటి సినిమాకు ముందు కథ. పిల్లకు దయ్యం ఇంకా పట్టలే."

"ముందు కథ గూడ తీస్తరా బిడ్డా?"

"తీస్తరు. ఆఖరు అందరికి తెలుసు గద."

మా పెద్దది లత ఆఖరు కూడా అందరికీ తెలుసు. ఎట్లా అరిచిందో, ప్రాణం పోయేముందు దయ్యం ఎట్లా వదిలిపోయిందో పాస్టర్ గారు ప్రతి ఆదివారం చెబుతారు. మెదడుకు జ్వరం వచ్చింది, ఆలస్యం చేశారు అన్నాడు జగిత్యాల డాక్టరు. ఆ రోజూ బందే, బస్సులు లేవు గానీ ఆటోలు ఉన్నాయి. నేనే దవాఖానకు కాకుండా ముందు ప్రార్థనకు తీసుకుపోయాను. తర్వాత చర్చికి పోబుద్ధి కాలేదు.

నిన్న పాస్టరమ్మ వచ్చింది. "ఆదివారం నువ్వే సాక్ష్యం చెప్పాలె అక్కా. నీ నోటెంట ఇంటే నలుగురికి నమ్మకం పెరుగుతది."

ఇప్పుడనిపిస్తోంది, పోవాలని. తెలంగాణ కోసం రోడ్డు మీద వంటావార్పు చేసిన రోజు లత మొదటి విస్తరి కాపలా పోలీసాయనకే పెట్టింది. "తిను అన్నా, తిన్నంక అరెస్టు చేద్దువు" అంటే ఆయనా నవ్వాడు. అది చెప్పి కూర్చుంటాను.

ఆఖరు వాళ్లకు తెలుసు కదా.