థియోరా నోట నా పాట

లాస్ ఏంజెలస్

అమ్మా, నేను కులాసా.

అంతా మన నల్లవాళ్లతోనే తీస్తున్న ఆ ఒపేరా సినిమాలో నాయిక పాటలన్నీ నేనే పాడాను. తెర మీద కనిపించేది మాత్రం థియోరా. నా పేరు వెయ్యరట. ఏడుపొచ్చింది.

నిన్న థియోరా వచ్చి, "చెల్లీ, నా ఎదురుగా ఒకసారి పాడవే. నువ్వు ఊపిరి ఎక్కడ తీస్తావో తెలీక నా పెదాలు తప్పుతున్నాయి" అంది. నా డొక్క మీద చెయ్యి ఆనించి, పాటంతా నాతోపాటే ఊపిరి తీసింది. "మీ అమ్మకి నా దండాలు రాయి" అంది.

నాన్న దగ్గు తగ్గిందా? పీచ్ పళ్ల జాము రెండు సీసాలు పంపు, ఒకటి థియోరాకి. పాస్టరుగారిని అడిగానని చెప్పు.

సినిమా మన ఊరు మేకన్‌కి వస్తే, కింద మంచి సీట్లన్నీ తెల్లవాళ్లకిచ్చి మనవాళ్లని పై బాల్కనీకే తోలతారు. అయినా వెళ్లమ్మా. ఆమె పాట మొదలెట్టగానే కళ్లు మూసుకో. అది నేనే.

నీ వెర్నెట్