డ్రిప్ పైపు చివర రింగు

కళ్యాణదుర్గం

అన్నయ్యకు,

నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. వదిన మోకాలు నొప్పి తగ్గిందా? పిల్లల పరీక్షలు అయ్యాయా? తెనాలిలో వానలట కదా. ఇక్కడ చినుకు లేదు, గాలి ఒక్కటే. రాగి సంకటి తినడం అలవాటయింది. నా గురించి బెంగ పెట్టుకోవద్దు.

విజయవాడ ఉద్యోగం సంగతి వెంటనే తేల్చమన్నావు. దానికే ఈ ఉత్తరం.

మా ఫ్యాక్టరీ చిన్నది. పొలాలకు డ్రిప్ పైపులు చేస్తాం. శనివారం మధ్యాహ్నం మిషన్లు ఆపి, ఉడికిన వేరుశనగకాయలు మధ్యలో పోసుకుని అందరం కూర్చుంటాం. ఆ వారం పనిలో ఏది చిరాకు పెట్టిందో ఎవరైనా చెప్పవచ్చు. సోమవారం దాన్ని మార్చి చూస్తారు. పైపు పాడైతే ఎవరూ ఏమీ అనరు. మా కాపురం మధ్యలోనే సరళ చనిపోయాక, ఇక్కడికి వచ్చి చాలా వారాలు నేను నోరు విప్పలేదు. ఎవరూ అడగలేదు. నా ముందు కాయలు మాత్రం పోసేవారు.

ఆమధ్య ఒక శనివారం చెప్పాను. బోరు నీళ్ల ఉప్పు పైపులో పేరుకుంటుంది. చివర విప్పి నీళ్లు వదిలితే పోతుంది. కానీ చివర మడిచి తీగతో కడతాం కాబట్టి రైతులు విప్పరు. తీగ బదులు లావు పైపు ముక్కను రింగులా తొడిగితే చేత్తో లాగేయవచ్చన్నాను. సోమవారం చేశాను. రింగులు వదులుగా కోశాను. నీళ్లు వదలగానే అన్నీ ఎగిరిపోయాయి. సూపర్‌వైజర్ ఓబులేసు నిలువునా తడిశాడు.

"ఏమప్పా, వాన రాల్యాదని నువ్వే కురిపిస్తాండావా?" అన్నాడు.

"పైపు దండగయింది," అన్నాను.

"పోతే పోయిందిలేప్పా. ఇంగ రొంత బిగువుగా కొయ్యి. ఈతూరి నా మీద కాదు, ఓనరు మీదికి వదులు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వానట. ప్యాకింగ్‌లో పనిచేసే లక్ష్మక్క చెప్పింది. నాకు తెలియలేదు. రెండోసారి రింగులు నిలిచాయి. ఇప్పుడు ప్రతి పైపు చుట్టతోనూ పంపుతున్నారు.

పోయిన ఏడాది బోర్లు ఎండి ఆర్డర్లు లేకపోయినా ఓనరు ఎవరినీ తీసేయలేదట. బెంగుళూరులో జీతాలు ఎక్కువని తెలిసీ వీళ్లెవరూ కదలరు.

అన్నయ్యా, విజయవాడ వాళ్లకు వద్దని చెప్పేయి. అక్కడ మీరంతా దగ్గరగా ఉంటారు, నిజమే. కానీ నన్ను చూస్తే వదిన కళ్లు తుడుచుకుంటుంది. నాకు ఏడుపు రాదు. ఏం చేయాలో తెలియదు.

వదినకు, పెద్దత్తయ్యకు నా నమస్కారాలు చెప్పు. వీలైతే గోంగూర పచ్చడి పంపు, ఓబులేసు అడుగుతున్నాడు.

ఈమధ్య నిద్ర లేవగానే, పైపు రంధ్రాలకు ఉప్పు పట్టకుండా ఏం చేయాలా అన్న ఆలోచన వస్తోంది. సరళ లేదన్న సంగతి ఆ తర్వాత గుర్తొస్తోంది. ఆ కాస్త ఎడం నాకు కావాలి. కోప్పడకుండా దీవించు.

నీ తమ్ముడు,
సుధాకర్