ఎనిమిది కిలోల గ్యాస్

రిగ్గై, కువైట్
21 జూలై 2024

చెల్లెమ్మ కళావతికి,

మునీంద్ర పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఫోను చేసినప్పుడల్లా నీ చుట్టూ పదిమంది మాటలు వినిపిస్తున్నాయి. అందుకే రాస్తున్నాను. మా బిల్డింగులో ఉండే సుల్తాన్‌బీ రాయచోటికి వస్తోంది. ఆమె చేతికి ఈ ఉత్తరం, వాడి బట్టలు, వాచీ ఇస్తున్నాను.

ఎలా జరిగిందో చెప్పమని అడిగావు. తొమ్మిదో తేదీ మధ్యాహ్నం అల్ రాయ్‌లోని మా వర్క్‌షాపు నుంచి ఒక ఇంటికి ఏసీ రిపేరుకు వెళ్లాం. పని మొదలుపెట్టకముందే అన్నం తిన్నాం. వాడు వ్యానులో ఏసీ వేసుకుని కునుకు తీశాడు. లేపితే లేవలేదు. గుండె ఆగిందని డాక్టరు రాశాడు. బాధ పడలేదమ్మా. ఆరేళ్లు ఒకే గదిలో, ఒకే వ్యానులో ఉన్నవాణ్ణి చెబుతున్నాను, నమ్ము.

మీ అన్న,
అన్వర్ బాషా


చిట్వేలి
14 ఆగస్టు

అన్వరన్నకు నమస్కారాలు.

మీ ఉత్తరం అత్తకు చదివి వినిపించాను. నిద్రలోనే పోయాడన్న మాటకు ఆమె కాస్త తేరుకుంది. ఆ రోజు నుంచి అన్నం తింటోంది.

నేను మాత్రం తేరుకోలేదు. ఆయన్ను తెచ్చిన పెట్టె తెరిచినప్పుడు ముందు నేనే చూశాను. ఆయన కుడి చెంప, రెండు అరచేతులు కాలి తోలు లేచి ఉన్నాయి. చల్లటి వ్యానులో పడుకున్న మనిషికి అరచేతులు ఎందుకు కాలతాయన్నా? ఇది ఇక్కడ ఎవరినీ అడగలేదు.

ఇంకో సంగతి. ఆయన స్థానంలో ఆయన తమ్ముడు నాగరాజును తీసుకుంటామని మీ కంపెనీ నుంచి కబురొచ్చింది. మెడికల్ అయింది. సెప్టెంబర్ ఇరవైన ప్రయాణం. గుండెజబ్బు వంశంలో ఉందేమోనని తిరుపతి తీసుకెళ్లి పరీక్షలు చేయించాం. వాడి గుండె గట్టిదన్నారు. ఇక భయం లేదని అందరూ సంతోషపడుతున్నారు. పంపించవచ్చా అని అత్త నన్ను అడిగింది. నేను మిమ్మల్ని అడుగుతున్నాను.

మీ చెల్లెలు,
కళావతి


రిగ్గై
27 ఆగస్టు

చెల్లెమ్మ కళావతికి,

పంపవద్దు. ఆ మాట ముందు రాసి, కారణం తర్వాత రాస్తున్నాను. నేను నీకు అబద్ధం చెప్పాను. మునీంద్ర వ్యానులో చనిపోలేదు. ఇక్కడే రిగ్గైలో ఒక మూడంతస్తుల ఇంటి మిద్దె మీద, ఎండలో చనిపోయాడు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఏసీ కంప్రెసర్ మార్చాలంటే ముందు అందులోని గ్యాస్‌ను ఒక యంత్రంతో లాగి సిలిండర్‌లోకి పట్టాలి. అది రూలు. ఎన్ని కిలోలు పట్టామో కాగితం మీద రాసి సంతకం చేయాలి. కానీ పట్టడానికి నలభై నిమిషాలు, ఒక్కోసారి గంట పడుతుంది. వాల్వు తిప్పి గాలిలోకి వదిలేస్తే నాలుగు నిమిషాలు. నేను పద్నాలుగేళ్లుగా వదిలేస్తున్నాను. కాగితం మీద మాత్రం పట్టానని రాస్తున్నాను. నాకు తెలిసిన మెకానిక్కులందరూ అంతే.

ఏప్రిల్‌లో కంపెనీ మమ్మల్ని ఒకరోజు క్లాసుకు పంపింది. నేను వెనక వరుసలో నిద్రపోయాను. మునీంద్ర వినడమే కాదు, లేచి ప్రశ్నలు అడిగాడు. పాత ఏసీల్లోని గ్యాస్ ఏళ్ల తరబడి పైకి పోయి, ఎండలోని విషాన్ని ఆపే ఓజోన్ పొరను తింటుందని అక్కడ చెప్పారు. కొత్త ఏసీల్లోని గ్యాస్ ఆ పొరను తినదు గానీ, రెండు రకాలూ భూమి మీది వేడిని బయటికి పోనీయవట. పాత గ్యాస్ ఒక కిలో వదిలితే, పద్దెనిమిది వందల కిలోల బొగ్గుపులుసు వాయువు వదిలినంత. తిరిగొచ్చేటప్పుడు వ్యానులో వాడు నన్ను ఆట పట్టించాడు. "అన్నా, పద్నాలుగేండ్లుగా నువ్వు వదిలిందంతా లెక్కేస్తే పైన మన కోడూరంత చిల్లు పడింటాది. ఈడ ఎండ ఎక్కువని నువ్వే తిడ్తాండావు."

ఆ రోజు నుంచి వాడు గ్యాస్ వదల్లేదు. వాడికోసం యంత్రాన్ని నేనే మోసేవాణ్ణి. ఆలస్యమవుతోందని ఫోర్‌మాన్ రెండుసార్లు తిట్టాడు.

ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు పదకొండు నుంచి నాలుగు వరకు ఎండలో పని చేయించకూడదు. కానీ ఏసీలు చెడిపోయేది ఆ వేళలోనే. మా చీటీ మీద ఇంటి లోపలి పని అని రాసి పంపుతారు. ఆ రోజు పన్నెండున్నరకు మిద్దె ఎక్కాం. మా దగ్గర వేడి కొలిచే మీటరు ఉంటుంది, కాబట్టి ఇది అంచనా కాదు. ఎండలో యాభై ఒకటి. మిద్దె మీద పదకొండు ఏసీలు వేడిగాలి ఊదుతున్నాయి, వాటి మధ్య యాభై ఎనిమిది. కింద హాల్లో ఇరవై రెండు.

చెడిపోయిన దానిలో పాత గ్యాస్ ఎనిమిది కిలోలు ఉంది. అంత వేడిలో పట్టే యంత్రం నిలవదు. సిలిండర్ కాగి, ఒత్తిడి పెరిగి, దానంతటదే ఆగిపోతుంది. మూడుసార్లు ఆగింది. వదిలెయ్యరా, పోదాం అన్నాను. "నువ్వు పోన్నా, నేనొస్తా. ఇంగ మూడు కిలోలే ఉండాది" అన్నాడు. నేను దిగి వ్యానులో కూర్చున్నాను. ఆ వ్యానులో ఏసీ వేసుకుని పడుకున్నది నేను.

ముప్పావు గంట తర్వాత పైకి వెళ్లాను. మాకున్న ఒక్క గొడుగును వాడు సిలిండర్‌కు నీడగా కట్టాడు. తాగేందుకు తెచ్చుకున్న నీళ్లలో తన చొక్కా తడిపి సిలిండర్‌కు చుట్టాడు. యంత్రం నడుస్తోంది. వాడు పక్కన బోర్లా పడి ఉన్నాడు. చెంప, అరచేతులు మిద్దెకు ఆని ఉన్నాయి. నువ్వు చూసిన బొబ్బలు అవే.

వెనకటి నుంచే గుండెనొప్పి ఉందని, నీడలో కూర్చుని ఉండగా పడిపోయాడని అరబ్బీలో ఒక కాగితం రాసి, ఫోర్‌మాన్ హిందీలో చదివి వినిపించాడు. నేనిక్కడ ఉండడానికి కావలసిన పర్మిట్, ఇఖామా, ఆ వారంలోనే రెన్యువల్ కావాలి. సంతకం పెట్టాను. పద్నాలుగేళ్లుగా అబద్ధం కింద సంతకం పెడుతున్న చెయ్యే కదమ్మా ఇది.

మర్నాడు పని ముగించమని నన్నే ఆ మిద్దె మీదికి పంపారు. మిగిలిన గ్యాస్‌ను గాలిలోకి వదిలాను. కాగితం మీద ఎనిమిది కిలోలూ పట్టామని రాశాను.

నాగరాజు గుండె ఎంత గట్టిదైనా ఇక్కడ పనికిరాదు. వాణ్ణి పంపకు. ఈ ఉత్తరం కింద నా సివిల్ ఐడీ నంబరు కూడా వేస్తున్నాను. ఎవరికి చూపించాలనుకుంటే వాళ్లకు చూపించు. అడిగితే అవునని చెబుతాను.

అన్నను అని రాసుకునే ముఖం లేని
అన్వర్ బాషా


చిట్వేలి
12 సెప్టెంబర్

అన్వరన్నకు,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి నాగరాజును కూర్చోబెట్టి చదివి వినిపించాను. అత్తకు చెప్పలేదు.

నాగరాజు మొత్తం విన్నాడు. "ఈడ మాత్రం ఏముండాది వదినా" అన్నాడు. వాడు ముగ్గురాయిని పొడి కొట్టే మిల్లులో రేకుల కింద పని చేస్తున్నాడు. మే నెలలో ఇక్కడ నలభై ఆరు డిగ్రీల ఎండ కాసింది. వాడి పక్కన మూటలు మోసే చిన్నపుల్లయ్య పడిపోయాడు. ఆయనకూ గుండె అనే రాశారు. రెండేళ్లుగా కాపు రాక బత్తాయి చెట్లు కొట్టేశాం. ఎండ లేని చోటు ఏదైనా ఉంటే చెప్పమను, అక్కడికే పోతానన్నాడు.

వాడు వస్తున్నాడన్నా. మీ ఉత్తరం ఎవరికీ చూపించను. చూపిస్తే వాడి వీసా పోతుంది, మీ పనీ పోతుంది. మిమ్మల్ని తిట్టాలని కాగితం తీశాను గానీ, ఇప్పుడు వాడి పక్కన ఉండబోయేది మీరే. తిట్టలేను.

ఆయన చేసింది మంచి పనేనని నాకు తెలుసు. పిల్లలకు అలాగే చెబుతాను. కానీ నాగరాజుకు ఆ పని నేర్పకండి. యంత్రాన్ని వ్యానులోంచి దించనీయకండి. వాడు మిద్దె ఎక్కిన మొదటి రోజే, మీరే దగ్గరుండి, గ్యాస్‌ను గాలిలోకి వదిలేయడం నేర్పండి.

మీ చెల్లెలు,
కళావతి